మోతి వదలని బంతి

వాకిలి కడిగి వేస్తున్న ముగ్గు పూర్తయ్యేలోపే మోతి బంతి నోట కరుచుకుని వచ్చి ముగ్గు మధ్యలో నిలబడింది. విసరమని చూస్తుంది, కానీ వదలదు. వినోద ముగ్గు గిన్నె పక్కన పెట్టి బంతిని లాగింది. మోతి ఇంకా గట్టిగా కరిచి, తోక ఊపుతూ వెనక్కి జరిగింది. ముగ్గంతా చెరిగిపోయింది.

"పొద్దుగాల కుక్కతోని ఆటలేందే? పొయ్యి మీద పాలున్నయ్," అని లోపలి నుంచి అత్త ఇందిరమ్మ అరిచింది.

కుక్కను తెచ్చింది వినోద కాదు. తూంకుంటలో కొత్త ఇల్లు కట్టుకున్నాక, గేటు దగ్గర లాబ్రడార్ ఉంటే బాగుంటుందని భర్త జనార్ధన్ తెచ్చాడు. రెండు రోజులు దానితో ఫొటోలు దిగాడు. ఆ తర్వాత దాని తిండి, స్నానం, సూదిమందు, పొద్దునా సాయంత్రం తిప్పుకురావడం వినోద పనుల్లో కలిసిపోయాయి. ఎప్పుడు కలిశాయో ఎవరూ చెప్పలేరు. ఇప్పుడు ఈ బంతి ఒకటి. "ఇసిరితే తెచ్చి చేతికియ్యాలె. వచ్చినోళ్ల ముంగట ఇజ్జత్ పోతాంది. జర నేర్పియ్యి," అన్నాడు. ఈ మధ్య ఇంటికి వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. జనార్ధన్ వార్డు కౌన్సిలర్ టికెట్ కోసం తిరుగుతున్నాడు.

వినోద తుర్కపల్లిలో ఒక ల్యాబులో గాజు సామాను కడిగి ఆరబెడుతుంది. ఆరుంబావుకు కంపెనీ బండి వస్తుంది. ఇంట్లోనూ గిన్నెలే, అక్కడా గిన్నెలేనని అత్త ఎన్నోసార్లు నవ్వింది. నిజమే. కానీ అక్కడ పన్నెండున్నరకు వినోద కూర్చుంటే ఇంకొకరు వేడి పప్పు వడ్డిస్తారు. ఈ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. పనికి పోవడానికి అదొక కారణమా అని తనకే సిగ్గు.

బండిలో పక్కన కూర్చునే పద్మజ ఇంట్లో రెండు కుక్కలున్నాయి. ఆమే ఉపాయం చెప్పింది. "గుంజకక్కా. గుంజితే ఆటనుకుంటది, ఇంకింత పట్టుకుంటది. చేతుల ముక్క చూపియ్యి. నోరు తెరుస్తది గదా, గప్పుడు 'ఇడువు' అను. ముక్క పెట్టినంక బంతి మల్ల దానికే ఇసురు. గదే అసలు ముచ్చట. ఇడిస్తే పోదు, మల్ల నాకే వస్తదని దానికి ఎరుక గావాలె."

వినోద ఉడికిన చికెన్ ముక్కలతో మొదలుపెట్టింది. శనివారం వచ్చేసరికి చిక్కొచ్చింది. ఆ రోజు వినోదకు ఒక్కపొద్దు, ఇంట్లో నీసు ముట్టరు. స్వామి దగ్గర కొట్టిన కొబ్బరికాయ నుంచి చిన్న ముక్క తీసి, ప్రసాదం కుక్కకు పెట్టొచ్చా అని ఒక క్షణం ఆగింది. ఆశగా తెరిచిన నోటికి పెడితే స్వామి కోపగించుకుంటాడా ఏమిటి? మోతి టక్కున బంతి వదిలింది. ఆ రోజు నుంచి చికెన్ కంటే కొబ్బరికే త్వరగా వదిలేది. మూడు వారాలకు ఉత్త మాటకే వదలడం నేర్చుకుంది. వదిలి, బంతిని కాదు, వినోద ముఖాన్ని చూసేది.

గురువారం జనార్ధన్ ఒక కాగితం తెచ్చాడు. రాజీనామా. టైపు కూడా చేయించాడు. "టికెట్ అడిగెటోని పెండ్లాం సీసాలు కడుగుతదంటే ఎవడన్న ఇస్తడా? ఇంటికొచ్చినోళ్లకు చాయ పోసే దిక్కు లేదు. ఎలక్షన్ల దాక మానెయ్యి. తర్వాత సూద్దాం."

తర్వాత సూద్దాం. ఆడబిడ్డ పెళ్లి పనులకని డిగ్రీ పరీక్షలు ఆపినప్పుడు ఇదే మాట. కుట్టుమిషను పెట్టుకున్న గదిని ఆఫీసు చేసుకున్నప్పుడూ ఇదే మాట. పెళ్లి అయిపోయింది, ఆఫీసు అతను ప్లాట్లు అమ్మే వెంచర్ దగ్గరికి మారింది, గదిలో ఇప్పుడు ఫ్లెక్సీలున్నాయి. ఆ 'తర్వాత' మాత్రం రాలేదు. అయినా వినోద "సరే" అంది. ఆ మాట ఆమెకు అలవాటు.

ఏ కాగితమైనా శుభంగా మొదలవ్వాలని ఇందిరమ్మ దాని నాలుగు మూలలా పసుపు పెట్టి స్వామి ముందుంచింది. సోమవారం సంతకం చేసి ఇవ్వాలి. వినోద దీపం వెలిగించినప్పుడల్లా అది కనిపించేది. 'ఇంట్లోవాళ్లు అడిగింది కాదనొద్దనే కదా స్వామీ చిన్నప్పటి నుంచి విన్నది. మరి నాకు అన్నమెందుకు సహించట్లేదు?' అని అడిగింది. వత్తి సరిచేసి లేచింది.

ఆదివారం పొద్దున పార్టీ పెద్దమనిషి సోమయ్య, ఇంకో నలుగురు వచ్చారు. జనార్ధన్ బంతి విసిరాడు. మోతి పరుగున తెచ్చింది. "ఇడువు" అనగానే వదిలింది. అందరూ చప్పట్లు కొట్టారు. జనార్ధన్ బంతి పట్టుకునే మాటల్లో పడ్డాడు. మోతి చూసీ చూసీ మొరిగాక విసిరాడు. రెండోసారి వదిలితే బంతిని సోమయ్యకు వేశాడు. ఇద్దరూ దాని తల మీదుగా విసురుకుంటూ నవ్వారు. మూడోసారి కుర్చీ వెనక దాచాడు. మోతి వెతికి తెచ్చుకుంది గానీ, ఈసారి దగ్గరికి రాలేదు. "ఇడువు" అన్నాడు. వదల్లేదు. గుంజాడు. చెప్పు తీసి ఒకటి వేశాడు. మోతి గోడకు ఆనుకుని పడుకుని, బంతి పళ్ల మధ్య నుంచే గుర్రుమంది.

"గిదేనా నువ్వు నేర్పింది?" అన్నాడు, చాయ ట్రేతో వచ్చిన వినోదను చూసి.

"ఇడిసినంక మల్ల దానికియ్యాలె గదా. ఇయ్యకుంటే ఇగ ఇడువదు."

"అబ్బో, గంత తెలివా దీనికి!" అని సోమయ్య నవ్వాడు.

ఇందిరమ్మ గర్వంగా అందుకుంది. "రేపటి సంది ఇంట్లనే ఉంటది, మంచిగ నేర్పుతది. నౌకరి మాన్పిచ్చినం అన్నా. మీరు ఏ యాళ్లకొచ్చినా చాయకు తక్లీఫ్ లేదు."

వినోద మోతి వైపు చూసింది. దానికి మూడుసార్లకే అర్థమైంది. తనకు పెళ్లయ్యాక పద్దెనిమిదేళ్లు పట్టింది.

"మానలే అత్తమ్మా," అంది.

"ఏంది?"

"నేను సంతకం పెట్టలే. పెట్టను గూడ. రేపు ఆరుంబావుకు పోతున్న."

సోమయ్య ఫోను తీసి చూసుకున్నాడు. జనార్ధన్ గొంతు తగ్గించి, "లోపటికి నడువు," అన్నాడు.

వినోదకు గెలిచినట్టు ఏమీ అనిపించలేదు. పొద్దు పొడవకముందు నుంచి నిలబడిన కాళ్లు గుంజుతున్నాయి. ట్రే బల్ల మీద పెట్టి, ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుంది. వచ్చినవాళ్ల ముందు ఆ ఇంట్లో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి.

"ఇంగో రెండు చాయలు తక్కువైనయ్," అంది భర్తతో. "చక్కెర డబ్బ పై అరల, ఎడమ దిక్కుంది. జర చూసి పెట్టుండ్రి."