అనసూయ ముక్కుపుడక

శుక్రవారం సాయంత్రం అనసూయ దీపం వెలిగిస్తుండగా తెల్లటి ముగ్గు మీద ఒక ఎర్రటి చుక్క పడింది. కుంకుమ రాలిందనుకున్నాను. రెండో చుక్క పడి పిండిలోకి పాకినప్పుడు గాని అది నెత్తురని తెలియలేదు.

"ఇగో, జర ఇటు చూడున్రి," అంది నా భార్య, ముక్కు కింద దోసిలి పట్టి. చూస్తుండగానే దోసిలి నిండింది.

చలికాలంలో ముక్కు పొడిబారి నెత్తురు కారడం ఎవరింట్లోనైనా ఉన్నదే. మా అమ్మ మాకు చేసినట్టే నేనూ చేశాను. ఆమెను హాల్లోకి తెచ్చి చాప మీద పడుకోబెట్టాను. తల వెనక్కి వంచి, నడినెత్తిన చల్లటి నీళ్లు పోసి, ఉల్లిగడ్డ కోసి వాసన చూపించాను. దేవుడి ముందు నెత్తురు పడిందే, ఆ జాగా ఎలా శుద్ధి చేయాలి అని ఆ కంగారులో కూడా ఒక ఆలోచన వచ్చింది. అది నాకు ఎవరు నేర్పారో తెలియదు. దేవుడైతే నేర్పి ఉండడు.

నెత్తురు బయటికి రావడం తగ్గింది.

"చూసినవా, ఆగింది," అన్నాను.

అనసూయ గుటకలు వేస్తోంది. ఉన్నట్టుండి లేచి కూర్చొని, చాప నిండా ముదురు ఎరుపు గడ్డలు వాంతి చేసుకుంది. ఆగలేదన్నమాట. ఇంతసేపూ గొంతులోకి దిగుతోంది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆమె రోజూ వేసుకునే మాత్ర. గుండె సరిగ్గా కొట్టుకోవడం లేదని, నెత్తురు గడ్డకట్టకుండా డాక్టర్ రాసిచ్చిన మాత్ర అది. ఫోన్ తీసి అంబులెన్స్‌కు చేశాను.

"బండి బయల్దేరింది సార్. కానీ నుమాయిష్ రద్దీ ఉంది మీ దిక్కు. అందాక పేషెంట్‌ను కూర్చోబెట్టి, తల ముందుకు వంచి, ముక్కు గట్టిగ పట్టుకోండి. వదలకండి," అంది అవతలి అమ్మాయి.

మా ఇల్లు నాంపల్లిలో, నుమాయిష్ జరిగే ఎగ్జిబిషన్ మైదానం వెనుక సందులో. జనవరి సాయంత్రాల్లో అబిడ్స్‌లోని నా పెన్నుల దుకాణం నుంచి ఇంటికి రావాలంటే నడక తప్ప దారి లేదు. బండి ఎలా వస్తుంది?

ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, ఒళ్లో ప్లాస్టిక్ గిన్నె పెట్టి, ముక్కు పట్టుకున్నాను. నెత్తురు నా వేళ్ల కిందనుంచే కారుతోంది. వదిలి చూశాను. ఇంకా ఎక్కువైంది. మళ్లీ పట్టాను. మళ్లీ వదిలి చూశాను. గిన్నెలో పడుతున్న చప్పుడు మాత్రం ఆగడం లేదు. బాల్కనీలోకి పరుగెత్తి, కింది వాటాలో ఉండే సుగుణమణి గారిని కేకేశాను. ఆమె మెదక్‌లో మిషన్ దవాఖానలో నర్సుగా చేసి రిటైరయ్యారు. సందులో అందరికీ సిస్టరమ్మే.

మోకాళ్ల నొప్పులతో మెట్టుకొక ప్రార్థన చేస్తూ పైకి వచ్చిన ఆమె, మళ్లీ ముక్కు పట్టుకున్న నా చేతిని చూసి అక్కడే ఆగిపోయింది.

"అన్నా, మీరు పట్టింది ముక్కు గాదు, ఎముక. ఎముకల నుంచి నెత్తురు కారుతదా? కింద మెత్తగ ఉంటది చూడున్రి, గాడ పట్టాలె."

"గాడ పుడక ఉంది సిస్టరమ్మా."

"పుడక ఉంటే తీయున్రి."

అనసూయ రెండు చేతులతో ముక్కు కప్పుకుంది. తల అడ్డంగా ఊపింది. చేతుల సందుల్లోంచి నెత్తురు మోచేతుల దాకా కారింది.

సుగుణమణి గారికి తెలియని సంగతి ఒకటుంది. పోయినేడు నాకు దుకాణంలోనే గుండెపోటు వచ్చింది. ఆశ పెట్టుకోవద్దని డాక్టర్లు అన్నప్పుడు, అనసూయ ఎల్లమ్మ తల్లి గుడికి పోయి మొక్కుకుంది, నేను నా కాళ్ల మీద నడిచి ఇంటికొస్తే ప్రాణమున్నన్నాళ్లూ ఈ ముక్కుపుడక తీయనని. నేను నడిచే వచ్చాను. ఆ తర్వాత ఒకసారి స్కానింగ్ వాళ్లు పుడక తీయమంటే, స్కానింగే వద్దని లేచి వచ్చేసింది.

చెప్పాను. సిస్టరమ్మ పుడక మీదే వేళ్లు పెట్టి మెల్లగా నొక్కి చూసింది. లోపలి మర గుచ్చుకొని అనసూయ కెవ్వుమంది. నెత్తురు చిమ్మింది.

"నేను బైబిల్ సదివేదాన్ని. నీ మొక్కు తప్పమని చెప్పనీకి నాకు నోరు రాదు, అనసూయమ్మా," అంది. "కానీ ఇట్ల పోతే బండి వచ్చేదాంక నువ్వు ఉండవ్."

అనసూయ పెదవులు తెల్లబడ్డాయి. కళ్లు మూతలు పడుతున్నాయి. దూరంగా ఎక్కడో సైరన్ వినిపిస్తోంది గాని, దగ్గరికి రావడం లేదు.

నేను నేల మీద కూర్చొని ఆమె మోకాళ్లు పట్టుకున్నాను.

"నువ్వు తీస్తలేవు. నేను తీస్తున్న. మొక్కింది నా కోసమే కదా. తల్లికి కోపమొస్తే నా మీదికే రానీ."

"మీకేమన్న అయితే?" అంది, నోట్లో నెత్తురుతో.

"నువ్వు లేకపోతే నాకేమైతదో అది అడగవా?"

ఆమె సరే అనలేదు. చేతులు మాత్రం జారి ఒళ్లో పడ్డాయి.

మర తిప్పబోతే వేళ్లు జారిపోయాయి. గుడ్డతో తుడిచి పట్టినా అంతే. పూజగదిలోకి పోయి, ఆ నెత్తుటి చుక్కలు పడ్డ ముగ్గు పక్కనున్న పళ్లెంలోంచి గుప్పెడు బియ్యప్పిండి తెచ్చి వేళ్లకు రాసుకున్నాను. అప్పుడు పట్టు దొరికింది. మర వదులై, పుడక నా అరచేతిలోకి వచ్చింది. దాన్ని అమ్మవారి పసుపు గిన్నెలో పెట్టి, దండం పెట్టడానికి కూడా ఆగకుండా వచ్చాను.

"ఇగ పట్టున్రి. బొటనవేలు ఈ పక్క, చూపుడువేలు ఆ పక్క. రెండూ కలవాలె. మాటిమాటికి వదిలి చూసిన్రో, మళ్లా మొదటికే వస్తది. అనసూయమ్మా, నోటితోని ఊపిరి తీస్కో. గొంతులకొచ్చింది మింగకు, ఉమ్మెయ్."

పట్టాను. వదిలి చూడాలని చేయి లాగేస్తోంది. గడియారం చూస్తే ఆగలేనని, అమ్మవారి నూటెనిమిది నామాలు మొదలుపెట్టాను. అవి అయిపోగానే ఆగకుండా మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాను. మధ్యలో వరుస తప్పింది. ఏ నామం తర్వాత ఏదో తెలియలేదు. తల్లీ, తల్లీ అనే మిగిలింది. గిన్నె పట్టుకున్న సిస్టరమ్మ పెదవులు కూడా కదులుతున్నాయి. మాట తప్పించినవాణ్ణి నేనే, మళ్లీ ఆ తల్లినే అడుగుతున్నాను. అలా అడగవచ్చా? వేరే ఎవరిని అడగాలో నాకు తెలియదు.

నా వేళ్లకు స్పర్శ పోయింది. గిన్నెలో చప్పుడు ఎప్పుడు ఆగిందో గమనించలేదు.

"ఇప్పుడు మెల్లగ తీయున్రి," అంది సిస్టరమ్మ.

తీశాను. ముక్కు కొన దగ్గర ఒక చుక్క నిలిచింది. ముగ్గురం దాన్నే చూస్తున్నాం. అది పడలేదు.

"ముక్కు చీదకు, తుడవకు," అని చెప్పి, సిస్టరమ్మ గోడకు ఆనుకొని మోకాళ్లు పట్టుకుంది. "ఆగిందని ఇంట్ల కూసోవద్దన్నా. ఆ మాత్ర వేసుకునేటోళ్లను డాక్టర్ చూడాల్సిందే."

బండిని సందు మొదట్లోనే వదిలి, అంబులెన్స్ వాళ్లిద్దరు నడిచి వచ్చారు. తల ముందుకు వంచే ఉంచమని చెప్పి, అనసూయను కుర్చీతో సహా ఎత్తారు. మెట్ల దగ్గర నేను పక్కకు తప్పుకుంటే ఆమె చేయి ఎత్తి ఆపింది.

"మీరు ముందు నడువున్రి," అంది. గొంతు సరిగా రావడం లేదు. "నాకు కనవడాలె."

నా ఛాతీలో ఏదో పట్టేసినట్టుంది. భయమో, ఇంతసేపు వంగి ఉన్నందుకో, మరింకేమైనానో. దవాఖానకే కదా పోతున్నాం, అక్కడ చెబుదామనుకున్నాను. ఇప్పుడు మాత్రం చెప్పలేదు. వంచిన తలకు నా మొహం ఎలాగూ కనిపించదు, పాదాలే కనిపిస్తాయి. గోడ పట్టుకోకుండా, ఒక్కో మెట్టు మీద పాదం నిండుగా ఆనించి, ఆమె చూసేలా కిందికి నడిచాను.