వంగి అన్న మాట

ఆ కొరియా సాంస్కృతిక కేంద్రంలో భాష నేర్పే టీచరమ్మకు మర్యాదంటే ప్రాణం. అంటే, కొరియా మర్యాద. ఆ భాషలో పెద్దవాళ్లతో మాట్లాడితే మాట చివర ‘యో’ అని ఒక తోక ఉండి తీరాలి. పిల్లలు తింటే ఒక మాట, పెద్దలు భోంచేస్తే ఇంకో మాట. ఏదైనా అందిస్తే రెండు చేతులతో అందించాలి, పలకరిస్తే నడుం వంచి పలకరించాలి. క్లాసులో ఎవరైనా ఆ తోక మరిచిపోయారా, వాళ్ల పని అయిపోయినట్టే. వ్యాకరణం తప్పితే క్షమిస్తాను గానీ మర్యాద తప్పితే క్షమించనని చెవులు చిల్లులు పడేలా చెప్పేది. చెప్పడంతో ఆగక, ఆ ముక్కను అందమైన అక్షరాల్లో రాయించి గోడకు అంటించింది కూడా.

అంతటి మర్యాదస్తురాలు మెట్లెక్కకముందే, గేటు దగ్గరే తన నోటి దురద తీర్చుకునేది. గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు. ఆవిడ తండ్రి ఈడువాడు. పేరుకు వాచ్‌మన్ గానీ, నడుం దగ్గర సన్నబడే ఆ కొరియా డోళ్లను పై అంతస్తుకు మోసేదీ, డాన్సు గదిలో చెక్కనేల తుడిచేదీ, గుమ్మంలో విడిచిన చెప్పులు అరల్లో సర్దేదీ అతనే. ఏ పనిలో ఉన్నా ఒక్క క్షణం కనబడకపోతే చాలు.

“ఏం ముసలోడా, ఎక్కడ చచ్చావు? రా, రా!”

ఇది రోజూ పొద్దున్నే అతనికి అందే పలకరింపు. ఆవిడకు అతని మీద కోపమేమీ లేదు. కోపమైతే కాసేపటికి చల్లారేది. ఇది అలవాటు.

ఆ మధ్య కొరియా నుంచి కొత్త డైరెక్టర్ వచ్చాడు. డోలు వాయించడంలో దిట్ట, నెమ్మదైన మనిషి. వచ్చిన చోటి భాష రాకుండా ఇక్కడ తిండి తినడం తప్పన్నట్టుండేది ఆయన వరస. పుస్తకం పట్టుకుంటే నిద్రొస్తుందట, అంచేత చెవులతోనే నేర్చుకునేవాడు. పొద్దున్నే టీ కప్పుతో కిటికీ దగ్గర నిలబడి కింద మాటలు విని, పెదాలు కదుపుతూ తిప్పి చెప్పుకునేవాడు. ఎవరి దగ్గర నేర్చుకుంటున్నారని అడిగితే టీచరమ్మను చూపించి నవ్వేవాడు. ఆవిడ ఉబ్బి తబ్బిబ్బయ్యేది.

ఇక టీచరమ్మ నాన్న సంగతి. ఆయన బళ్లో తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యాడు. మెచ్చుకోవడం చేతకాని మనిషి. కూతురు ఈ ఉద్యోగంలో చేరిన రోజున, “సొంత భాషలో నాలుగు మాటలు తిన్నగా మాట్లాడలేవు, ఇంకొకళ్ల భాషను ఉద్ధరిస్తావా?” అన్నాడు. ఆ తర్వాత కేంద్రం వైపు కన్నెత్తి చూడలేదు. ఈసారి వార్షికోత్సవానికి ఆవిడ బతిమాలీ బామాలీ ఒప్పించింది. పాటల కన్నా, నాట్యాల కన్నా, ఆయన నోట ఒక్క ‘శభాష్’ వినాలన్నదే ఆవిడ కోరిక. పెళ్లయి పిల్లలున్న మనిషి, చిన్నపిల్లలా ఆ ఒక్క మాట కోసం అన్నం సయించకుండా తిరిగింది.

ఆ సాయంత్రం పండితుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడవబోతుంటే వాచ్‌మన్ వచ్చి వాటిని అందుకున్నాడు. ఈలోగా డైరెక్టర్ ఎదురొచ్చాడు. చేతులు పక్కలకు ఆనించి, నడుం నిండుగా వంచి, గుమ్మంలో ఉన్న అందరికీ వినపడేలా, తప్పు లేకుండా తెలుగులో అన్నాడు.

“ఏం ముసలోడా, ఎక్కడ చచ్చావు? రా, రా!”

నాట్యం కోసం విసనకర్రలు పట్టుకుని వరసలో నిలబడ్డ అమ్మాయిల్లో ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు. టీచరమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. పండితుడు కళ్లజోడు సర్దుకుని, వంగిన ఆ నడుం వంక చాలాసేపు చూశాడు.

“ఈ మాటలు ఆయనకెవరు నేర్పారో అడుగమ్మా” అన్నాడు కూతురితో.

ఆవిడ కొరియా భాషలో అడిగింది. తోక మాత్రం మరిచిపోలేదు.

డైరెక్టర్ మొహం వెలిగిపోయింది. “మీరే కదా! గేటు దగ్గరి పెద్దాయనను రోజూ మీరు పలకరించేది ఇలాగే. పెద్దల విషయంలో ఇంత పట్టింపు ఉన్నవారు, ఇక్కడ అందరికన్నా పెద్దాయనతో వాడే మాటలంటే అన్నిటికన్నా గొప్పవై ఉంటాయనుకున్నాను. అందుకే ముందు ఇవే నేర్చుకున్నాను. రోజూ ఆయనతో నేనూ అంటాను.”

ఇదంతా ఇప్పుడు ఆవిడే తెలుగులో చెప్పాలి. ఇద్దరి మధ్యా దుబాసీ ఆవిడే. తండ్రి చెవి ఒగ్గి నిలబడ్డాడు.

“సినిమాల్లో విన్నారట నాన్నా” అంది.

పండితుడు తల తిప్పి, తన చెప్పులు పట్టుకుని నిలబడ్డ వాచ్‌మన్‌ను చూశాడు. “ఏమండీ, మీరు ఇక్కడే ఉంటారు కదా. ఆయన అంతగా సినిమాలు చూస్తారా?”

వాచ్‌మన్ టీచరమ్మ వైపు చూడనైనా చూడలేదు. “చూస్తారయ్యా, తెగ చూస్తారు” అన్నాడు.

ఆవిడకు తల కొట్టేసినట్టయింది. అబద్ధం తనది, దాన్ని మోసింది అతను. డోళ్లు మోసినట్టే ఇదీ మోశాడు.

పండితుడు గట్టిగా నవ్వేసి, డైరెక్టర్‌కు చేతులు జోడించి ‘దయచేయండి’ అనాలని నేర్పాడు. ఆయన పదిసార్లు వల్లె వేసుకున్నాడు. కార్యక్రమం దివ్యంగా జరిగింది. పిల్లలు తోకలన్నీ తగిలించి మరీ మాట్లాడారు. అంతా అయ్యాక పండితుడు కూతురి దగ్గరకొచ్చి తల మీద చెయ్యి వేశాడు.

“శభాష్ అమ్మా. పెద్దవాళ్లతో ఎలా మసలుకోవాలో పిల్లలకు చక్కగా నేర్పావు.”

ఇన్నేళ్లూ ఎదురుచూసిన మాట. సిగ్గుతో ఆవిడ తల ఎత్తలేకపోయింది. తండ్రి అది వినయమనుకుని ఇంకాస్త మురిసిపోయి ఇంటికెళ్లాడు.

జనం పలచబడ్డాక, తన పలకరింపుకు ఎందుకు నవ్వారని డైరెక్టర్ అడిగాడు. ఇక దాచలేక ఆవిడ ఆ మాటల అర్థం మాట మాటా విడదీసి చెప్పింది.

“అయితే ఇన్నాళ్లూ నేను ఆయనను అన్నది అదా?” అన్నాడు ఆయన.

ఆవిడను మాత్రం ఒక్క మాట అనలేదు. గబగబా మెట్లు దిగి గేటు దగ్గరకెళ్లి వాచ్‌మన్ ముందు వంగిపోయాడు. క్షమించమనడానికి మాట తెలియక, తెలిసిన ఒక్క మంచి మాటే “దయచేయండి, దయచేయండి” అంటూ వంగి అలాగే ఉండిపోయాడు. వాచ్‌మన్ కంగారుపడి, “పరవాలేదు సార్, లేవండి సార్” అని ఆయన భుజాలు పట్టుకున్నాడు.

ఆయన పైకెళ్లాక, వెనకే దిగి వచ్చిన టీచరమ్మ వాచ్‌మన్‌ను అడిగింది. “ఆయన రోజూ ఆ మాట అంటుంటే ఎందుకూరుకున్నావు?”

“మీరన్న మాటేగా అమ్మా. కాకపోతే ఆయన వంగి అంటారు. వంగి అంటే బాగానే ఉంటుంది.”

ఆవిడ గేటు పట్టుకుంది. క్లాసులో గడగడా వల్లించే మర్యాదల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

“తప్పు నాది. ఇకనుంచి... మీరు... మీరు కాస్త కూర్చోండి.”

వాచ్‌మన్ కూర్చోలేదు. మొహం పాలిపోయింది. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“నేనేం తప్పు చేశానమ్మా? ముందు పనిచేసిన చోట కూడా ఉన్నట్టుండి ఇలాగే మీరూ, కూర్చోండీ అన్నారు. ఆ సాయంత్రమే మానెయ్యమన్నారు.”