బఠాణీ గింజంత పేస్టు

మా ఆయన దివాకర్ యూనివర్సిటీలో కెమిస్ట్రీ చెబుతాడు. ఇంట్లో మాత్రం ఫ్లోరైడ్ అన్న మాట వినపడితే చాలు, మండిపడతాడు. తప్పు పట్టలేను. నల్గొండ వైపు పల్లెలో ఫ్లోరైడ్ నిండిన బోరు నీళ్లు తాగి పెరిగిన మనిషి. పళ్ల నిండా గోధుమరంగు మరకలు. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు, మా పెళ్లి ఫోటోల్లో కూడా అంతే. మా అత్తమ్మ లచ్చవ్వకైతే ఆ నీళ్లు నడుమే వంచేశాయి.

అందుకే కౌముది పుట్టినప్పుడే అనుకున్నాడు, తన కూతురు నోరారా నవ్వాలని. ఫ్లోరైడ్ లేని పేస్టు ఎక్కడున్నా వెతికి తెచ్చేవాడు. చుట్టాలింటికి వెళ్లినా ఆ ట్యూబు మా సంచిలో ఉండాల్సిందే. ఆయన బాధ తెలిసినదాన్ని కాబట్టి నేనూ నోరెత్తలేదు.

ఏడేళ్లు నిండాయో లేదో, కౌముది ముందు పాలపన్ను నల్లబడింది. కొత్తగా వచ్చిన దవడ పన్ను పుచ్చింది. అన్నం నమలలేక ఏడుస్తుంటే తార్నాకలో పళ్ల డాక్టర్ అరుంధతి గారి దగ్గరికి తీసుకెళ్లాం.

ఏం పేస్టు వాడుతున్నారని ఆవిడ అడిగితే ఈయన గర్వంగా చెప్పాడు. ఆవిడ నిట్టూర్చింది.

"తిన్న ప్రతిసారీ నోట్లో పుట్టే యాసిడ్ పంటి పైపొరను కొంచెం కొంచెం కరిగిస్తుందండీ. పేస్టులో ఉండే ఫ్లోరైడ్ దాన్ని మళ్లీ గట్టిపరుస్తుంది. మీ ఊళ్లో జరిగింది వేరు. పన్ను చిగురు లోపల తయారయ్యే వయసులో, మోతాదు మించి రోజూ కడుపులోకి పోయింది. పాపకు బఠాణీ గింజంత పెట్టి, తోమాక ఉమ్మేయించండి, చాలు."

"మా అమ్మ నడుం చూసి చెప్పున్రి మేడమ్ ఈ మాట," అంటూ దివాకర్ పిల్లను ఎత్తుకుని బయటికి నడిచాడు. పన్ను నింపించకుండానే వచ్చేశాం. నాకు ఒళ్లు మండిపోయింది. క్యాంపస్ క్వార్టర్స్ చేరేదాకా ఆటోలో ఆయన వంక చూడలేదు.

సాయంత్రం అత్తమ్మ గోడకానుకుని కూర్చుని, పిల్లను నవ్వించాలని కోతిమొహం పెట్టింది. కౌముది నవ్వబోయి, చటుక్కున చేత్తో నోరు మూసుకుంది. అచ్చం వాళ్ల నాన్నలాగే.

"గట్లెందుకు బిడ్డా? చెయ్యి తియ్యి."

"బడిల నల్లపన్ను అంటున్నరు, నానమ్మా."

గుమ్మంలో దివాకర్ నిలబడి ఉన్నాడు. ఆ ముఖం చూశాక, అప్పటిదాకా ఉన్న నా కోపం ఎటు పోయిందో తెలీదు.

"నా నడుం ఎట్లాగు వంగిపాయె కొడకా," అంది అత్తమ్మ. "పిల్లను సూడు."

దివాకర్ చెప్పులేసుకుని వెళ్లాడు. తార్నాక నుంచి తిరిగొచ్చేసరికి చేతిలో ఫ్లోరైడ్ ఉన్న పేస్టు.

"రేపు పొద్దుగాల డాక్టర్ దగ్గరికి పోదాం," అన్నాడు నాతో.

బ్రష్ మీద తనే పెట్టాడు. ఎక్కువైందని వేలితో తుడిచేసి మళ్లీ పెట్టాడు. ల్యాబులో చుక్కలు లెక్కపెట్టినట్టే కొలిచాడు. పిల్ల తోముకుంటున్నంతసేపూ దాని గడ్డం కింద దోసిలి పట్టాడు.

"మింగకు బిడ్డా. ఉమ్మెయ్."

"ఉమ్మేసిన నాన్నా," అని కౌముది నోరు బార్లా తెరిచి చూపించింది.

ఆయన ఆ నోట్లోకే చూస్తూ, "మింగకు బిడ్డా, మింగకు," అని ఇంకా అంటూనే ఉన్నాడు.