సొరపాదు చుట్టూ సున్నా

నిన్న పొద్దున సొరకాయ చెక్కు తీస్తుంటే మా అత్త వెంకటనర్సమ్మ వంటింటి గడపలో నిలబడింది. "నీకేందే, ఏసీల కూసుండి చెట్లకు సున్నాలు సుట్టుడే గద! గది గూడ ఒక కొలువేనా? జర జల్ది డబ్బ గట్టు, వాడు పోవాలె" అంది. వాడంటే నా భర్త మహిపాల్. ఇక్కడే నాచారంలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు.

అత్త అన్నదాంట్లో అబద్ధం లేదు. ఉప్పల్‌లోని మా ఆఫీసులో నా పని అదే. ఉపగ్రహం తీసిన బొమ్మలో వీధి చెట్టు కనబడిన చోటల్లా, దాని గుబురు చుట్టూ మౌసుతో సున్నా గీయాలి. పైనుంచి చూస్తే వేపా కానుగా అన్నీ గోబీపువ్వులే. ఆ సున్నాల దగ్గరికి నిజంగా వెళ్ళి, అక్కడున్నది ఏ చెట్టో చూసి, మాను చుట్టూ టేపు పట్టి కొలిచే ఫీల్డు పని ఈ ఎండాకాలమే మొదలైంది. దానికి లీడర్‌గా నన్నే వేస్తారనుకున్నాను. అందరికంటే పాతదాన్ని నేనే. కానీ బిందుమాధవిని వేశారు. భీమవరం నుంచి వచ్చిన పిల్ల, చేరి ఏడాది కూడా కాలేదు.

ఆ పిల్లంటే నాకు కుళ్ళు. ఇంకో మాటెందుకు, కుళ్ళే. మొహానికి చున్నీ చుట్టుకుని స్కూటీ మీద వెళ్ళిపోతుంటే కిటికీలోంచి చూసేదాన్ని. మధ్యాహ్నం నల్లబడ్డ చేతులతో తిరిగొచ్చి, రామంతాపూర్ సందుల్లో ఏరిన నేరేడు పళ్ళు అందరికీ పంచేది. నాకొద్దనేదాన్ని. ఆమె చెప్పులకంటిన దుమ్ము మీద కూడా అసూయే. నేను సున్నా గీసిన చెట్టును ఆమె వాటేసుకుని కొలుస్తోంది, నేను మాత్రం దాని నీడలో ఒక్కసారైనా నిలబడలేదు. ఆమె తెచ్చిన వివరాల్లో తప్పు దొరికిన రోజు నాకు అన్నం రుచించేది, ఏ తప్పూ లేని రోజు మా చిన్న కూతురి వీపు మోగేది.

లీడర్ పని ఆ పిల్లకిచ్చారని చెప్పిన రోజు మహిపాల్ టీవీలో తెలంగాణ ఉద్యమం వార్తలు చూస్తున్నాడు. "గంతే మరి! మన కొలువులన్నీ గాళ్ళే ఎత్తుకపోతున్రు. గందుకే మన రాష్ట్రం మనకు రావాలంటున్నం" అన్నాడు. నా తరఫున ఒకరైనా కోపం తెచ్చుకున్నారని ఆ పూట అతని మీద ప్రేమ పొంగింది. రెండోసారి అడక్కుండానే చాయ్ పెట్టిచ్చాను.

నిన్న మధ్యాహ్నం బిందుమాధవి నవ్వుకుంటూ వచ్చి నా టేబుల్ మీద ఒక సొరకాయ పెట్టింది. "రాణిగారూ, నాచారంలో మీరు గీసింది చెట్టు కాదండీ. రోడ్డు మీదికి దించిన రేకుల షెడ్డు, దాని నిండా సొరపాదు! టేపు పట్టుకుని ఎక్కడ చుట్టాలో తెలీక నిలబడితే, ఆ ఇంటావిడ నవ్వి నవ్వి ఈ కాయిచ్చి పంపింది."

ఆఫీసంతా గొల్లుమంది. రోజూ పొద్దున వంటింట్లో నేను తరిగే కాయ, దాని పాదునే పోల్చుకోలేకపోయాను! నా ఒళ్ళు మండిపోయింది. "బయట తిరిగెటోళ్ళకు తెలుస్తది. నన్ను పంపితే నాకూ తెలుస్తుండె" అన్నాను.

ఆ పిల్ల నవ్వు ఆగిపోయింది. "అదేంటండీ? ముందు మిమ్మల్నే అనుకున్నారట కదా! మీ ఆయన వద్దన్నారని దుర్గేష్ సార్ చెప్పారు. లేకపోతే నాకెందుకిస్తారు?"

దుర్గేష్ మా మేనేజరు, మహిపాల్ ఊరివాడే. మహిపాల్‌ని అన్నా అంటాడు కాబట్టి నన్ను ఆఫీసులో కూడా వదినె అంటాడు. మిగతావాళ్ళందరికీ పేర్లుంటే నాకు వరస ఉందని ఇన్నాళ్ళూ మురిసిపోయాను. తిన్నగా అతని గదిలోకి వెళ్ళి అడిగాను.

"అన్నను అడిగిన గద వదినె. ‘ఎండల తిరుగుడు మా రాణితోని గాదు తమ్మీ, ఇంట్ల పనెవరు జేస్తరు’ అన్నడు."

"కొలువు నాది. నన్నెందుకు అడగలే?"

"అన్న ఉండంగ వదినెను అడుగుతె మంచిగుంటదా?" అన్నాడు. పాపం, అతను నిజంగానే మర్యాద అనుకున్నాడు.

"ఇంటికొస్తే వదినెనే, చాయ్ గూడ వోస్త. ఈడ మాత్రం రాణి అనుండ్రి. నాచారం ఫీల్డు ఇంకా సగం ఉన్నది. జేస్తవా అని రాణిని అడుగుండ్రి."

అతని చెయ్యి సెల్‌ఫోన్ మీదికి పోయింది.

"ఫోన్ ఆడ వెట్టుండ్రి" అన్నాను.

పెట్టాడు. "నాచారం... జేస్తరా, రాణిగారూ?" అన్నాడు.

"జేస్త."

బిందుమాధవి తన టేపు నా చేతికిచ్చి ఎలా పట్టాలో చూపించింది. ఆ ఎండకు కమిలిన ముంజేతిని చూస్తే ఇంకా కుళ్ళుగానే ఉంది.

ఇంటికి వెళ్ళేసరికి మహిపాల్ టీవీ ముందున్నాడు. "ఏందే, మొకం గట్ల వెట్టినవ్?"

"నా కొలువు ఎత్తుకపోయినోళ్ళు దొరికిన్రు."

"ఎవరు? ఆ ఆంధ్ర పిల్లనే గద?"

"కాదు, మనోడే" అని సొరకాయ, కత్తిపీట అతని ముందు పెట్టాను. "జర చెక్కు తియ్యి. పొద్దుగాల్నే నేను ఫీల్డుకు పోవాలె."