కమాను మీద కన్ను

విశాలాక్షమ్మకు అనుమానం మొదలైంది ఒక మంగళవారం సాయంత్రం. సదయ్య తన మృదంగాన్ని భావ్య ముందుకు జరిపి, "బిడ్డా, శ్రుతి జర చూడు" అన్నాడు.

ముప్పైనాలుగేళ్లుగా ఆమె వయొలిన్‌కు సదయ్యదే మృదంగం. ఆమె తండ్రి వేంకటరమణ గారు మంథని నుంచి గోదావరిఖని వచ్చి స్థిరపడి, కాలనీ క్లబ్బులో వయొలిన్, మృదంగం రెండూ నేర్పేవారు. బొగ్గు బాయిలో డ్రిల్లు కొట్టే సదయ్య మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, తల ఆరకముందే వచ్చి ఆయన ముందు కూర్చునేవాడు. తండ్రి పోయాక కూడా వాళ్లిద్దరూ కలిసి వాయించడం ఆగలేదు. ఆరేళ్ల కింద శిష్యురాలు భావ్య రెండో వయొలిన్‌గా కలిసింది. పాడే మనిషి లేడు. రెండు వయొలిన్లు, ఒక మృదంగం. చిన్న చిన్న హాళ్లలో, యాభై అరవై మంది ముందు కచేరీలు.

ఇన్నేళ్లలో సదయ్య తన శ్రుతి గురించి ఇంకొకర్ని అడిగింది లేదు. రాయితో అంచు మీద రెండు దెబ్బలు వేసి, చెవి దగ్గర పెట్టుకొని ఒక తట్టు తట్టేవాడు, అంతే. "నీ తీగెలు జారుతయేమో గని నా తోలు జారదు విశాలమ్మా" అని ఆమెనే ఆటపట్టించేవాడు. అట్లాంటి మనిషి ఇరవై నాలుగేళ్ల పిల్లను అడిగాడు, అదీ టీచరు ఎదురుగానే. పోనీ ఆ పిల్లయినా తడబడిందా అంటే, అదీ లేదు. రాయి అందుకొని, రెండు చోట్ల కొట్టి, సరిపోయిందన్నట్టు తల ఊపింది. చాలా రోజులుగా చేస్తున్న పనిలా చేసింది. అదే విశాలాక్షమ్మకు గుచ్చుకుంది.

ఆనాటినుంచి ఆమెకు ప్రతిదీ కనిపించసాగింది. ఎప్పుడూ పక్కన కూర్చునే సదయ్య ఇప్పుడు గోడకు ఆనుకొని ఎదురుగా కూర్చుంటున్నాడు. అడిగితే నడుం నొప్పి అన్నాడు. నడుం నొప్పి అయితే కళ్లకేమైంది? కళ్లు మూసుకొని వాయించే మనిషి, ఇప్పుడు రెప్ప వేయకుండా ఆమె వయొలిన్ కమానునే చూస్తున్నాడు. పై స్థాయికి పోతే చూపూ పైకి, కమాను ఆగితే చూపూ ఆగుతుంది. ఆ కార్తీకం నుంచి ఆమె ఎడమ చిటికెనవేలు బిగుసుకుపోతున్నది. యాభై తొమ్మిదేళ్లొచ్చాయి కదా అని తనకు తాను చెప్పుకొన్నదే తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడతను ఆ వేలునే కనిపెట్టి చూస్తున్నాడనిపించింది.

ఫోన్ చేస్తే ఎత్తడు. కాసేపటికి భావ్య నుంచి మెసేజ్ వస్తుంది: "కాక రేపు ఐదింటికి వస్తడట టీచర్." తన ఫోన్ ఎత్తనివాడు ఈ పిల్లతో ఎప్పుడు మాట్లాడాడు?

ఒకరోజు చాయ కప్పులతో వంటింట్లోంచి వచ్చేసరికి ఇద్దరూ ఒకే ఫోన్ మీదికి వంగి ఉన్నారు. ఆమెను చూడగానే భావ్య ఫోన్ బోర్లించింది. అయినా విశాలాక్షమ్మ చూడనే చూసింది. తెర మీద ఒక చెయ్యి, చేతికి రెండు ఆకుపచ్చ గాజులు, వేళ్ల మధ్య కమాను. ఆ చెయ్యి తనదే.

ఎవరికి చూపించడానికి? 'వేళ్లు పనిచేస్తలేవు, ఇక ఈమెను పక్కకు పెట్టుదం' అనడానికా?

చాయ కప్పులు పెట్టి ఏమీ ఎరగనట్టు కూర్చుంది. వాళ్లూ ఏమీ జరగనట్టే వాయించారు. భావ్య ఆ రోజు ఎంత బాగా వాయించిందంటే, మామూలుగానైతే "శెభాష్" అనేది. ఆ రోజు కమాను తుడుచుకుంటూ కూర్చుంది.

శుక్రవారం మార్కెట్ నుంచి ఆటోలో వస్తుంటే, నడిపే కొమురెల్లి వెనక్కి తిరిగి అన్నాడు. "అమ్మా, మీ మృదంగం సదయ్య, మీ కాడ నేర్చుకునే పిల్ల నిన్న కరీంనగర్ బస్సెక్కిన్రు. అక్కడేమన్న ప్రోగ్రాం ఉన్నదా?"

"ఆఁ, ఉన్నది" అన్నది విశాలాక్షమ్మ, పరువు పోకుండా.

సాయంత్రం సదయ్య వాకిట్లో వంగి చెప్పులు విప్పుతుంటే వెనకనుంచి అడిగింది. "నిన్న కరీంనగర్ పోయినవట?"

సదయ్య జవాబివ్వలేదు. చెప్పులు పక్కకు పెట్టి, లోపలికి పోయి మృదంగం సంచి విప్పాడు. తప్పు చేసినవాడే ఇట్లా మౌనంగా దాటేస్తాడు అనుకుంది ఆమె. తరువాత భావ్యను విడిగా అడిగితే, "నేను పనిచేసే స్కూల్ పని మీద పోయిన టీచర్, ఒక్కదాన్నే" అన్నది, నేల చూపులు చూస్తూ.

ఒక్కదాన్నే అన్న ఆ మాటతో విశాలాక్షమ్మ మనసు గడియ పెట్టేసుకుంది. తన తండ్రి చేతి కింద పెరిగినవాడు, తన చేతి కింద పెరిగిన పిల్ల. ఇద్దరూ కలిసి తనను దింపే రోజు కోసం చూస్తున్నారు.

మరుసటి వారం వరంగల్ సభ కార్యదర్శి ఫోన్ చేశాడు. "ఎప్పటిలెక్కనే ముగ్గురు కదమ్మా?"

"మృదంగానికి మీ ఊరాయన్నే చూడండి" అన్నది ఆమె. "సదయ్య రాడు."

ఆ మాట సదయ్యకూ చెప్పలేదు, భావ్యకూ చెప్పలేదు. భావ్యకు తేదీ, బస్సు వేళ మాత్రం చెప్పింది.

ప్రయాణం రోజు పొద్దున గోదావరిఖని బస్టాండులో భావ్య పక్కన సదయ్య నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ, భుజాన మృదంగం సంచి. పిల్ల చెప్పి ఉంటుంది. మంచిదే, మాట ముఖం మీదనే అయిపోతుంది అనుకొని విశాలాక్షమ్మ దగ్గరికి పోయింది. మంచిర్యాల బస్సు హారన్ మోగిస్తూ వెనక్కి వస్తున్నది. సదయ్య తల తిప్పి ఆ బస్సునే చూస్తున్నాడు.

"సదన్నా, నువ్వు రానవసరం లేదు. వరంగల్ల వేరే మృదంగం పెట్టుకున్న" అన్నది.

సదయ్య ఆమె వైపు తిరిగి నవ్వాడు. "అవునమ్మా, పొద్దుగాల్నే ఎండ మండుతున్నది. నీడకు రా."

ఆమెకు ఒక క్షణం ఏమీ అర్థం కాలేదు. వెటకారమా? అతని ముఖంలో వెటకారం లేదు. మాట సరిగ్గా అందుకున్నానో లేదోనన్న బెదురు ఉంది. పక్కన భావ్య ముఖం పాలిపోయింది. ఆ పిల్ల రెండు మాటలూ విన్నది.

"ఎన్ని రోజుల సంది?" అని విశాలాక్షమ్మ భావ్యను అడిగింది.

బస్సులో చెప్పింది భావ్య. కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమది సగమే పనిచేస్తున్నది. ఇరవై ఎనిమిదేళ్లు డ్రిల్లు మోత విన్న చెవులు. కరీంనగర్ దవాఖానలో చూపిస్తే, చెవి మిషన్ పెట్టుకుంటే మాటలు తెలుస్తాయి గాని మృదంగం రేకు డబ్బాలా వినిపిస్తుందన్నారు. అందుకని టీచరు కమాను చూసి పాట పట్టుకోవడం నేర్చుకున్నాడు. ఇంట్లో సాధనకు టీచరు చేతి వీడియోలు కావాలన్నాడు.

"నాకెందుకు చెప్పలేదే?"

"వద్దన్నడు టీచర్. 'ఆమెకు తెలిస్తే నా కోసం నిమ్మళంగ వాయిస్తది, అట్లాంటి కచేరీ నాకొద్దు' అన్నడు."

ముందు సీటులో సదయ్య కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. విశాలాక్షమ్మ వెంటనే కార్యదర్శికి ఫోన్ చేసింది. ఆయన విసుక్కున్నాడు. వరంగల్ మృదంగం ఆయన ఒప్పుకొని, సామాను సర్దుకొని, హాలుకు బయలుదేరాడట.

హాల్లో అడుగు పెట్టేసరికి ఆయన వేదిక మీద కూర్చొని శ్రుతి సరిచేసుకుంటున్నాడు. విశాలాక్షమ్మ ఆయన దగ్గరికి పోయి చేతులు జోడించింది. తప్పు తనదేననీ, తన మనిషి వచ్చాడనీ చెప్పింది. ఆయన మృదంగం సంచిలో పెట్టుకొని వెళ్లిపోయాడు. సదయ్యకు ఆ మాటలేవీ వినపడలేదు. కాని వేదిక మీద ఇంకొక మృదంగాన్ని చూశాడు, ఆమె జోడించిన చేతుల్ని చూశాడు. భావ్య వైపు తిరిగాడు. భావ్య తల దించుకుంది.

"ఇయ్యాల వాయిస్త" అన్నాడు సదయ్య. "మాటలు తర్వాత."

కచేరీలో విశాలాక్షమ్మ తన కమాను అతనికి బాగా కనిపించేలా ఒకింత తిరిగి కూర్చుంది. అతను చూడలేదు. పాత రోజుల్లో లాగా కళ్లు మూసుకున్నాడు. రెండు కీర్తనలు ఎట్లాగో గడిచాయి. మూడోది మోహన రాగంలో, వేగంగా సాగేది. నడుమలో వయొలిన్లు ఒక దారి, మృదంగం ఒక దారి అయ్యాయి. ముందు వరసలో ఒక పెద్దాయన తాళం వేస్తున్న చెయ్యి ఆపి తల ఎత్తాడు. భావ్య మోకాలితో సదయ్య మోకాలిని తాకింది. అతను కళ్లు తెరిచాడు. విశాలాక్షమ్మ కమాను ఎత్తి, అతను పట్టుకునేదాకా, తాళం మొదటి దెబ్బ పడే సమం మీద మూడుసార్లు నొక్కి లాగింది. మూడోసారికి మృదంగం వచ్చి కలిసింది.

ఆపై తని ఆవర్తనం, మృదంగం ఒక్కటే వాయించే వంతు. అందులో అతనికి ఎవరినీ వినే పని లేదు. పదిహేను నిమిషాలు వాయించాడు. హాలు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లనూ సదయ్య చూసే తెలుసుకున్నాడు.

మర్నాడు గోదావరిఖనిలో దిగినప్పుడు సదయ్య అడిగాడు. "నా మీద ఎన్ని రోజుల సంది అనుమానం?"

ఆమె మూడు వేళ్లు చూపించింది. "నెలలు."

"మూడు నెలలు నా ఎదురుంగ కూసొని, నాతోని చెయ్యి కలిపి వాయించుకుంట, లోపల గిది పెట్టుకున్నవా?" సంచి భుజానికెత్తుకొని పోయాడు.

రెండు మంగళవారాలు రాలేదు. మూడో వారం విశాలాక్షమ్మే అతని ఇంటికి పోయింది. తలుపు తీసిన భార్య ఐలవ్వ ముఖం తిప్పుకొనే పీట వేసింది. విశాలాక్షమ్మ సదయ్య ముఖానికి ముఖం పెట్టి, పెదవులు తెలిసేలా నిదానంగా, తప్పయిందని చెప్పింది. తన వేలు సంగతీ చెప్పింది. దాన్ని పట్టుకొని తనను దింపుతారేమోనన్న భయం సంగతీ చెప్పింది.

"వేలు నాకు తెల్సు" అన్నాడు సదయ్య. "ఎవ్వరికి చెప్పలే. నువ్వు గూడ ఎవ్వరికి చెప్పకపోదువేమో, నా చెవుల సంగతి. నేను అడుగలే, నువ్వు అడుగలే." ఆమెకు ఎదురుగా జరిగి అన్నాడు. "అడగాలనుకుంటే ముందుకొచ్చి అడుగు విశాలమ్మా. వెనుకనుంచి అంటే నాకు అందదు."

ఆ వారం సాధనకు వచ్చాడు. ఇప్పుడు నడుం నొప్పి వంక లేకుండానే ఎదురుగా కూర్చుంటున్నాడు. చైత్రంలో కొత్తగూడెంలో ఒక కచేరీ చేశారు, బాగానే జరిగింది. టీచరు తననూ అనుమానించిందని తెలిశాక భావ్యే మారింది. పాఠానికి వేళకు వస్తుంది, చెప్పింది వాయిస్తుంది, వంగి దండం పెట్టి పోతుంది. మునుపటిలా టీచరుతో పరాచికాలు ఆడటం లేదు, ఇంటి ముచ్చట్లు చెప్పడం లేదు. విశాలాక్షమ్మ తొందరపెట్టలేదు. పాఠం అయ్యాక రోజూ ఆ పిల్ల ముందు చాయ పెడుతున్నది. కొన్ని రోజులు భావ్య తాగి పోతున్నది, కొన్ని రోజులు పనుందని వెళ్లిపోతున్నది.