చెంపకానించిన టీ గ్లాసు

ఆ మంగళవారం సాయంత్రం నాటకం టీచరుకు కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు. పన్నెండేళ్లుగా ఆవిడది ఒకటే పని. క్రైస్తవుల పిల్లల్ని, ముస్లింల పిల్లల్ని, యూదుల పిల్లల్ని ఒకచోట చేర్చి నాటకం ఆడించడం. శుక్రవారం మధ్యాహ్నం ముస్లింలకు నమాజు, పొద్దుగూకితే యూదులకు సబ్బాతు విశ్రాంతి, ఆదివారం పొద్దున్నే క్రైస్తవులకు చర్చి. మిగిలిన రోజుల్లో అందరికీ పరీక్షలే. మతాల మధ్య మాట కలపడం సరే, ముందు రిహార్సలుకు వేళ కుదర్చడంలోనే ఆవిడకు తల ప్రాణం తోకకొచ్చేది.

ఇప్పుడు జట్టులో మిగిలిన యూదుల పిల్ల ఒక్కతే. అందరూ పిచ్చుక అంటారు. మధ్యాహ్నం వాళ్ల తాత ఫోన్ చేసి, "మా పిల్ల ఇక రాదు" అని పెట్టేశాడు. మూడు మతాల పిల్లలూ లేకపోతే హాలు ఇచ్చేది లేదని హాలువాళ్లు ముందే చెప్పారు. ప్రదర్శన పది రోజుల్లో ఉంది. ఇక దుకాణం కట్టేసినట్టే.

తాత కోపానికి కారణం టీచరు పెట్టిన నియమమే. ఎవరూ సొంత మతం వేషం వేయకూడదు, పక్కవాళ్లది వేయాలి. నడక, మాటతీరు మాత్రం సొంత ఇంట్లో చూసినవే తెచ్చుకోవాలి. పిచ్చుకది ముస్లిం తాత వేషం. నమాజు టోపీ పెట్టుకుని దిగిన ఫొటో ఇంట్లో తాత కంటబడింది.

"ఈ పూటకి ఆ వేషం ఎవరు వేస్తార్రా?" టీచరు ఉసూరుమంటూ అడిగింది.

జట్టులోని డ్రైవరు కొడుకు లేచాడు. ముస్లింల కుర్రాడు, రోజూ పిచ్చుకతో కీచులాడేది వీడే. "నియమం తప్పుతుంది కానీ, పిచ్చుక మాటలన్నీ నాకు వచ్చు టీచర్."

"కానివ్వు నాయనా. నియమాలు పట్టుకు వేలాడే ఓపిక నాకు లేదు."

వాడు కర్ర పట్టుకుని వచ్చాడు. రెండుసార్లు దగ్గాడు. కూర్చునే ముందు కర్రతో కుర్చీ కాలు తట్టి చూశాడు. టీ గ్లాసు చెంపకానించి, "ఇది టీనా, కుళాయి నీళ్లా?" అని సణిగాడు. పిల్లలు పగలబడి నవ్వారు.

తలుపు దగ్గర ఎవరో దగ్గారు, సరిగ్గా రెండుసార్లే. పిచ్చుక తాత. మనవరాలు మర్చిపోయిన సంచి కోసం వచ్చి, కర్ర పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. టీచరు గబుక్కున కుర్చీలోంచి లేచింది.

"ఇవన్నీ నీకెవరు నేర్పారు?" తాత కుర్రాణ్ణే అడిగాడు.

"పిచ్చుకను చూసి నేర్చుకున్నానండీ. మా తాత కూడా ఇంతే, టీ చెంపకానించి చూసేవాడు. పోయి ఆర్నెల్లయింది." వాడు చేతిలో గ్లాసు దించాడు. "తను చేస్తుంటే ఆయన్ని చూసినట్టే ఉండేది. అందుకే బాగాలేదని గొడవపెట్టి, మళ్లీ మళ్లీ చేయించేవాణ్ణి."

తాత నెమ్మదిగా నడిచి వచ్చి, కుర్చీ కాలు కర్రతో తట్టి చూసి కూర్చున్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"నేను మరీ అంత సణుగుతానా?"

"పిచ్చుక ఇంకా ఎక్కువ సణిగేదండీ."

తాత కర్ర సర్దుకున్నాడు. తర్వాత లేచి, "శుక్రవారం మాత్రం పొద్దుగూకకముందే పంపించేయాలి" అన్నాడు టీచరుతో. ఆవిడ తలూపి సంచి అందించబోయింది.

"ఉండనివ్వమ్మా," అన్నాడు తాత. "రేపు మళ్లీ ఆ పిల్ల మోసుకురావడం దేనికి."