మొక్కు పానకం

తర్లుపాడులో పీర్ల పండగ ఎవరిదని అడిగి చూడండి, మిమ్మల్ని ఎగాదిగా చూస్తారు. ఎవరిదేంది, ఊరిది! పీరును ఎత్తేది దర్జీ నాగూర్ వలి. చావిడి ముందు నిప్పుల గుండానికి కట్టెలు కొట్టుకొచ్చేది రైతు మల్లయ్య. తాతల నాటి నుంచీ ఆ కట్టెల హక్కు మల్లయ్య ఇంటిదే. ఒక ఏడు ఇంకెవరో తొందరపడి ముందుగా రెండు మొద్దులు తెచ్చి పడేశారని అలిగి అన్నం మానేశాడు మహానుభావుడు. నాగూర్ వలి పోయి గడ్డం పట్టుకుని బతిమాలితే గానీ లేవలేదు.

నాగూర్ వలి పెళ్ళాం రహమత్బీ. ఆమె మల్లయ్యను అన్నా అంటుంది, ఆయన చెల్లెమ్మా అంటాడు. వరసలు అట్లా కలిశాయి గనక రహమత్బీ కొడుకు మొహసిన్, మల్లయ్య కొడుకు శివకృష్ణ ఒకరినొకరు బావా అని పిలుచుకుంటూ, తిట్టుకుంటూ, ఒకే కంచంలో తింటూ పెరిగారు. ఇప్పుడిద్దరూ గల్ఫ్‌లో ఒకే కంపెనీలో, ఒకే గదిలో ఉన్నారు. ముందు మొహసిన్ పోయాడు. ఈ మధ్యనే శివకృష్ణను కూడా పిలిపించుకున్నాడు.

మొహసిన్ పాలు తాగే వయసులో వాడికి జ్వరమొచ్చి, మూర్ఛలొచ్చి, కళ్ళు తేలేశాడు. డాక్టరు పెదవి విరిచాడు. రహమత్బీ వాణ్ణి ఎత్తుకొచ్చి పీరు ముందు పడుకోబెట్టి మొక్కింది. వీడు బతికితే, బతికి ఉన్నన్నాళ్ళూ ప్రతి ఏడూ పండగ పదోరోజున వచ్చినోళ్ళందరికీ తన చేత్తో పానకం పోస్తాడని. వాడు బతికాడు. బిందె ఎత్తలేని వయసులో గ్లాసుతో పోశాడు, మీసాలొచ్చాక బిందెలకు బిందెలు పోశాడు. గల్ఫ్‌కు పోయాక కూడా మొక్కు తప్పలేదు. అక్కడ పదోరోజు, ఊళ్ళో పీర్లుగా ఎత్తే హసన్ హుసేన్లనే తలుచుకుని ఏడ్చేవాళ్ళ మసీదు ఒకటి ఉందట. దాని ముందు పందిళ్ళేసి దాహానికి ఇస్తారట. పోయిన ఏడు వాడూ ఒక పక్కన నిలబడి పోసి ఫోటో పంపాడు. ఆ ఫోటోను రహమత్బీ వీధి వీధంతా తిప్పి చూపించింది. చూడనన్నవాళ్ళకు కూడా చూపించింది.

ఈ ఏడు ఎందుకో వాడు నసిగాడు.

"పనెక్కువుంది అమ్మీ. చూస్తాలే" అన్నాడు ఫోన్లో.

"చూసేదేందిరా? పీరు నీకు ప్రాణం పెడితే నువ్వు చూస్తానంటావా?"

"ఇక్కడ మనూరు లెక్క కాదమ్మీ. అది వేరేవాళ్ళ మసీదు."

"వేరేవాళ్ళేంది? హసన్ హుసేన్లు వేరేవాళ్ళయిపోయినారా? పోయినేడు లేని వేరు ఈ ఏడు యాడ పుట్టింది?"

 వెనక నుంచి శివకృష్ణ గొంతు వినిపించింది. "అత్తా, నువ్వు బెంగపడబాక. ఆ పొద్దు నాకు డ్యూటీ ఉంది గానీ, పోయేముందు బావను మెడబట్టి తోలి పోతాలే!"

రహమత్బీ నవ్వింది. నవ్వి ఊరుకుందా? లేదు. మొహసిన్ చేత ఒట్టు వేయించుకుని మరీ ఫోను పెట్టింది. "సరేలే అమ్మీ, పోతా" అన్నాడు వాడు, తప్పించుకోలేక.

అంతకు ముందు వాడు తండ్రికి ఏదో ఆడియో పంపాడు. అందులో ఎవడో ఒకడు అరుస్తున్నాడు, పీర్లు ఎత్తేవాళ్ళు ముస్లింలే కారని. నాగూర్ వలి సగం విని ఆపేశాడు. "ఎవడే ఈ నాయాలు? ఐదు పూట్లా నమాజు చేసే నన్ను కాదంటాడు?" అని నవ్వేసి మిషను తొక్కుకున్నాడు. రహమత్బీ కూడా నవ్వేసింది. పరాయి దేశంలో ఎవడెవడో ఏదేదో వాగుతుంటాడు, పిల్లకాయలు ఫోన్లలో పంపుకుంటుంటారు అనుకుంది. అంతకు మించి ఆలోచించే తీరిక ఆమెకు ఎక్కడిది?

పదోరోజు వచ్చింది. పీర్లు ఊరంతా తిరిగి మధ్యాహ్నానికి చావిడి దగ్గరికి చేరాయి. డప్పులు మోగుతున్నాయి. మల్లయ్య తలపాగా చుట్టుకుని గుండం దగ్గర కట్టెలు సర్దుతూ వచ్చేపోయేవాళ్ళ మీద కేకలేస్తున్నాడు. రహమత్బీ బిందెల్లో బెల్లం పానకం కలిపి మిరియాల పొడి చల్లింది. కొడుకు బదులు ఇక్కడ తను పోస్తూ, అక్కడ వాడు పోస్తున్నాడనుకుని మురిసిపోతూ ఉంది. అప్పుడు కూతురు సైమా జనాన్ని తోసుకుంటూ వచ్చింది. పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అమ్మీ, అన్న ఉండేది ఈ ఊరే గదా?"

ఫోన్లో వార్త. పొగ, అంబులెన్సులు, రోడ్డు నిండా చెప్పులు. పక్కకు ఒరిగిపోయిన పందిరి. రహమత్బీ ఆ పందిరిని గుర్తుపట్టింది. పోయిన ఏడు ఫోటోలో కొడుకు నిలబడింది దాని కిందే. 

అందరూ ఎదురుగా ఉన్న టీ అంగట్లోకి పరుగెత్తారు. టీవీలో చెబుతున్నారు. పదోరోజు షియాలు చేసే ఊరేగింపులోకి ఒకడు ఒంటికి బాంబులు చుట్టుకుని వచ్చి పేల్చుకున్నాడట. దాహానికి ఇచ్చే పందిళ్ళ దగ్గరే పేల్చాడట. చాలామంది చచ్చిపోయారు. చేసింది మేమే, మతాన్ని శుభ్రం చేస్తున్నాం అని ఒక ముఠా ప్రకటించిందట.

"షియాలంటే ఎవరు?" అంది రహమత్బీ మొగుడి వైపు తిరిగి.

నాగూర్ వలి తెల్లమొహం వేశాడు. నలభై ఏళ్ళుగా పీరు ఎత్తుతున్న మనిషి. ఆ మాట విన్నాడే గానీ, ఆ మాట కోసం మనుషుల్ని చంపుతారని ఆయనకేం తెలుసు? "మనట్లనే నమాజు చేసేవాళ్ళేనే. పద్ధతి కొంచెం వేరంట. అంతే" అన్నాడు.

"అంతేనా? అంతదానికే చంపుతారా?"

"మీవాళ్ళే మీవాళ్ళను చంపుకుంటే ఎట్లప్పా, సాయిబూ?" అన్నాడు బెంచీ మీద కూర్చున్న ఎవరో పరాయి ఊరి ఆసామి, టీ ఊదుకుంటూ.

 మల్లయ్య గయ్యిమన్నాడు. "ఎవుడయ్యా మీవాళ్ళు? వాళ్ళ కొడుకు అక్కడుండాడు, నువ్వు నోర్మూసుకుని టీ తాగు!"

మొహసిన్ ఫోను కలవలేదు. మళ్ళీ చేశారు. మళ్ళీ కలవలేదు. శివకృష్ణ ఫోను కూడా కలవలేదు. "డ్యూటీలో ఫోన్లు దగ్గర పెట్టుకోనీరంట. మావాడు బయటికి రాగానే చేస్తాడు, మనోణ్ణి వెతికేది కూడా వాడే" అన్నాడు మల్లయ్య. తన కొడుకు గురించి ఆయనకు బెంగ లేదు. పదోరోజు మొక్కు ఉన్నది మొహసిన్‌కు, పోయింది మొహసిన్. ఆయన భయమంతా మేనల్లుడి గురించే.

రహమత్బీ చావిడి మెట్ల మీద కూలబడింది. "నేనే పంపినా అన్నా. వాడు పోనన్నాడు. నేనే ఒట్టు వేయించుకున్నా. నా నోరు పడిపోను!" అని నెత్తి కొట్టుకుంది. మల్లయ్య భార్య యల్లమ్మ వచ్చి ఆ చేతులు గట్టిగా పట్టుకుని పక్కన కూర్చుంది. డప్పులు ఆగిపోయాయి. ఊరంతా పండగ మానేసి ఆ నలుగురి చుట్టూ చేరింది. పీరు దగ్గర ఏడిస్తే పీరు వింటాడని నమ్మిన రహమత్బీ, ఆ పీరు కోసం పానకం పోయబోయినందుకే బిడ్డను చంపేశారంటే ఏమని ఏడవాలి? మల్లయ్య మాత్రం ఊరుకోలేదు. కొత్త గుడ్డ తెప్పించి పీరుకు దట్టీ కట్టాడు. "మా మొహసిన్‌ను మాకియ్యి సామీ, వచ్చే ఏడు గుండానికి బండెడు కట్టెలు ఎక్కువ తెస్తా" అని పైకే మొక్కుకున్నాడు.

సైమా చేతిలో ఫోను మోగింది.

"అన్న! అన్నే!" అని కేక పెట్టి తల్లి చేతిలో పెట్టింది.

"అమ్మీ" అన్నాడు మొహసిన్.

వాడి గొంతు! రహమత్బీ ఒక్క అరుపు అరిచింది. ఆ అరుపుతోనే అందరికీ అర్థమైపోయింది. ఎవరో డప్పు మీద దెబ్బ వేశారు. నాగూర్ వలి మోకాళ్ళ మీద పడి నేలకు నుదురు ఆనించాడు. మల్లయ్య తలపాగా ఊడదీసి గాల్లో తిప్పుతూ, "బతికినాడు! నా మేనల్లుడు బతికినాడు!" అని గంతులేశాడు. బెల్లం గంప తెచ్చి కనబడినవాళ్ళ నోట్లో కుక్కడం మొదలుపెట్టాడు.

"దెబ్బలేమన్నా తగిలినాయా నాయనా?" అంది రహమత్బీ, ఒక చెవి మూసుకుని మెట్ల పక్కకు జరిగి.

"నేను పోలేదమ్మీ."

"పోలేదా? మంచి పని చేసినావు, నా బంగారు తండ్రీ. ఒట్టు తప్పితే తప్పినావులే. పీరుకు నేను చెప్పుకుంటా. యాడుండావు ఇప్పుడు?"

"ఆస్పత్రిలో."

"అయ్యో, ఆస్పత్రిలో ఎందుకు?"

వాడు ఊపిరి ఎగబీలుస్తున్నాడు.  "నేను పోనని శివాకి చెప్పినా అమ్మీ. నువ్వు కూడా పోబాక, అది పాపం అన్నా. వాడు నవ్వినాడు. అత్త మొక్కు ఆగకూడదు బావా, నువ్వు పోయకపోతే నేను పోస్తా, నాకు మాత్రం పీరు కాడా అన్నాడు. డ్యూటీ మార్చుకొని పోయినాడు."

రహమత్బీ తలెత్తి మల్లయ్య వైపు చూసింది. ఆయన యల్లమ్మ నోట్లో బెల్లం పెడుతున్నాడు. ఆమె వద్దంటూ నవ్వుతోంది.

"ఎట్లుండాడు వాడు?" అంది. 

"చూపించినారమ్మీ. చొక్కా చూసి గుర్తుపట్టినా. మొహం లేదు."

చుట్టూ డప్పులు మోగుతున్నాయి. తన కొడుకు బతికాడన్న సంతోషం ఇంకా గొంతులోనే ఉంది. దాన్ని మింగలేకపోయింది, కక్కలేకపోయింది. నా బిడ్డ కాదు గదా అని లోపల ఎక్కడో ఒక మాట పుట్టింది, పుట్టినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"నువ్వెందుకు పోలేదురా?" అంది నెమ్మదిగా. "నిజం చెప్పు."

"మా గదికి ఒకాయన వస్తాడు. బాగా చదువుకున్నోడు. వాళ్ళు మనోళ్ళు కాదు, వాళ్ళ దగ్గరికి పోతే నువ్వూ మతం తప్పినట్టే అని చెప్పేటోడు. వీడియోలు చూపించేటోడు. నేను నమ్మినా. శివా బయలుదేరేటప్పుడు వాడి మొహం మీదే అన్నా, అక్కడికి పోయేటోళ్ళు చచ్చినా పాపం లేదని." వాడు భోరుమన్నాడు. "ఇట్ల చేస్తారని నాకు తెలీదమ్మీ. నిజంగా తెలీదు. మాటలే అనుకున్నా."

మాటలే అనుకున్నాడట!  ఇదంతా దేశం కాని దేశంలో ఎవరో పిశాచాలు చేశారనుకుంది రహమత్బీ. తన పాలు తాగిన నోరు కూడా వాళ్ళ మాటే మాట్లాడిందంటే ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. ఏ బిడ్డ ప్రాణం కోసం పీరు కాళ్ళ మీద పడిందో, ఆ బిడ్డే ఈ మాట అన్నాడు. కళ్ళు తేలేసిన నాడు కూడా వాడు ఇంత దూరం పోలేదు అనిపించింది.

"ఏందమ్మా అంతసేపు? ఇటియ్యి, మేనల్లుణ్ణి నేనూ పలకరిస్తా!" మల్లయ్య బెల్లం చేతులు పంచెకు తుడుచుకుంటూ వస్తున్నాడు.

రహమత్బీ ఫోనును నోటికి దగ్గరగా పెట్టుకుంది. "మీ మామకిస్తున్నా. నాకు చెప్పింది మొత్తం చెప్పు. ఒక్క ముక్క మింగినావంటే నువ్వు నాకు కొడుకువే కాదు."

ఫోను మల్లయ్య చేతిలో పెట్టింది. ఆయన నవ్వు మొహంతోనే చెవికి ఆనించుకున్నాడు. "ఏందిరా అల్లుడూ, పెద్దోళ్ళను ఇట్లనేనా భయపెట్టేది? ఏడుస్తుండావేంది? ఊరుకో, ఊరుకో. మావాడు వచ్చినాడా నీ దగ్గరికి?"

తర్వాత ఆయన విన్నాడు. నవ్వు మొహం నవ్వు మొహంగానే కొంతసేపు ఉండిపోయింది, దాన్ని తీసేయాలని ఆయనకు తోచలేదు. కట్టెల మోపు మీద చతికిలబడ్డాడు. దూరం నుంచి ఆ కూర్చోవడం చూసి యల్లమ్మ బెల్లం ముక్క ఉమ్మేసి పరుగెత్తుకొచ్చింది. "ఏమయింది? ఎవురికి? ఎవురికయ్యా?" అని ఆయన భుజాలు పట్టి ఊపుతోంది. డప్పుల వాళ్ళు ఒక్కొక్కరే ఆపేశారు.

 ఫోను ఇంకా మల్లయ్య చెవి దగ్గరే ఉంది. అవతల వాడు ఏడుస్తూనే ఉన్నట్టున్నాడు. రహమత్బీ కళ్ళార్పకుండా ఆయన మొహమే చూస్తూ నిలబడింది. ఇప్పుడు తిడతాడు, ఇప్పుడు ఫోను నేలకేసి కొడతాడు, నా మీదికి వస్తాడు అనుకుంది. రావాలనే కోరుకుంది.

"ఊరుకోరా నాయనా" అన్నాడు మల్లయ్య.  "వద్దని చెప్పినావంట గదా. వాడే విన్లా. నువ్వేం జేస్తావు. నువ్వన్నా మిగిలినావు, భద్రంగా ఉండు. యాడికీ పోబాక. వాడు లేకపోతే నువ్వే మాకు."

ఫోను కింద పెట్టి రహమత్బీ వైపు చేతులు చాచాడు, పసిపిల్లవాడు చాచినట్టు. యల్లమ్మ అప్పటికే నేల మీద పడి దొర్లుతోంది. రహమత్బీ పోయి ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ చేతులు పట్టుకోలేదు.

"అన్నా" అంది, "వాడు నీకు సగమే చెప్పినాడన్నా."